ఏడో నంబరు షెడ్డు

జూన్ 3

అత్తా,

క్షేమ సమాచారాలతో మొదలుపెడితే విసుక్కుంటావని నేరుగా విషయానికి వస్తున్నాను. నీ ఫ్యాక్టరీలో చేరి పదకొండు రోజులైంది. ఇక్కడ నన్ను ఇంజనీరని ఎవరూ అనడం లేదు. "మీటర్లమ్మ మేనకోడలు" అంటున్నారు. నువ్వు రిటైరై ఆరేళ్ళయినా క్యాంటీన్‌లో టీ పోసే ఆవిడ నన్ను చూడగానే నీ కథ ఎత్తుకుంది. ముప్ఫై ఏళ్ళు చేతిలో పుస్తకంతో ఈ షెడ్లన్నీ తిరిగావట, నువ్వు రాసిన అంకె తప్పని ఒక్కరూ అనలేదట. గర్వంగానే ఉంది. కాస్త భయం కూడా వేసింది.

కంప్రెసర్ల గది నీ చెవులు తినేసింది. ఫోన్‌లో నేను అరిస్తే ఇక్కడ ఆఫీసంతా వింటుంది, నీకు మాత్రం వినపడదు. అందుకని మనకు ఉత్తరాలే గతి.

నా పనేమిటో చెబుతాను. నువ్వు నెలకోసారి అరవై రెండు మీటర్లు చూసి రాసేదానివి. ఇప్పుడు నూట నలభై మీటర్లు వాటంతట అవే నిమిషానికోసారి అంకెలు పంపిస్తాయి. నా బల్ల మీద తెరలో ఒక్కో షెడ్డుకు ఒక్కో గీత. కరెంటు వాడకం పెరిగితే గీత లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఏడాది తిరిగేసరికి మొత్తం వాడకంలో పదో వంతు తగ్గించాలి. అదీ నాకు అప్పగించిన పని.

మొదటి వారంలోనే నోరెళ్ళబెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ యంత్రాలన్నీ ఆగాక షెడ్లలో నిలబడి విన్నాను. ఎటు వెళ్ళినా బుస్సుమని చప్పుడు. గాలి గొట్టాలకు చిల్లులు. సబ్బు నీళ్ళు పూస్తే రెండు వందల పన్నెండు చోట్ల బుడగలొచ్చాయి. ఒక కంప్రెసర్ పొద్దస్తమానం తిరిగేది ఆ చిల్లుల్ని మేపడానికే. ఇనుము కరిగించే కొలిములకు మూతలున్నాయి, ఎవరూ వెయ్యరు. ఆ వేడంతా గాలిలో కలిసిపోతుంది.

వీటన్నిటికన్నా వింత ఒకటుంది. ఆదివారం ఫ్యాక్టరీ మొత్తం మూత కదా, గీతలన్నీ నేలకు అంటుకోవాలి. ఏడో నంబరు షెడ్డు గీత మాత్రం దిగదు. గంటకు ఎనిమిది యూనిట్లు, పని రోజనక, సెలవనక. సోమవారం వెళ్ళి చూస్తే షెడ్డుకు తాళం. తీయించాను. లోపల కప్పుదాకా చెక్క సామాను, పాత పెట్టెలు. పక్క షెడ్ల రొదలో ఏమీ వినపడలేదు. కేబుల్ నేలలోకి దిగి ఎటో పోయింది, ఆ లైను ఏ నక్షాలోనూ లేదు. ఏడో షెడ్డులో ఏముండేదో నీకు గుర్తుందా?

మోకాళ్ళ నొప్పుల సంగతి రాయి. దాచకు.

నీ మేనకోడలు


జూన్ 9

పిల్లా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. రెండు వందల పన్నెండు చిల్లులని నన్ను అడుగుతున్నట్టు రాశావు. బుస్సుమనే చప్పుడు వినపడే చెవులు నాకెప్పుడున్నాయి తల్లీ.

మోకాళ్ళు ఉన్నాయి. అంతకు మించి వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఇంట్లో నీళ్ళ మోటారు కాలిపోయింది. కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు, అదే ఆ రిటైరైన పంతులమ్మ, కొత్తది కొందామంటుంది. నేను కాయిల్ చుట్టిద్దామంటాను. ఈలోగా ఇద్దరం చెరో బకెట్టూ పట్టుకుని మెట్లు ఎక్కి దిగుతున్నాం. నువ్వు ఇంజనీరువి గదా, ఏం చేయాలో చెప్పు.

ఇక నీ ఏడో షెడ్డు. అది చెక్క నమూనాల షెడ్డు. ఏ ముక్క పోత పోయాలన్నా ముందు చెక్కతో దాని నమూనా చేసి ఇసుకలో అచ్చు తీసేవాళ్ళు. పాత నమూనాలన్నీ తెచ్చి అక్కడ పడేసేవాళ్ళు. అందులో ఉండేది రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, బోలెడు చెదలు. ఆదివారాలు కరెంటు తినే పనేదీ అక్కడ లేదు. ప్రహరీ అవతల టీ కొట్టువాళ్ళు ఎవరో దొంగతనంగా లైను లాక్కుని ఉంటారు. నిశ్చింతగా పీకెయ్. ఎవరైనా అడిగితే మీటర్లమ్మ పీకమందని చెప్పు.

కొలిమి వాళ్ళతో మాత్రం గట్టిగా మాట్లాడకు. మూతలెందుకు వెయ్యరో ముందు వాళ్ళ పక్కన నిలబడి ఒక రోజు చూడు. ఆ వేడిలో నీ గొంతు ఆరిపోయాక నీకే తెలుస్తుంది ఎలా అడగాలో.

మీ అత్త


జూన్ 24

అత్తా,

పీకేశాను. నీ ఉత్తరం అందిన మర్నాడే, పన్నెండో తారీఖున. మా వృత్తిలో ఒక వాడుక ఉంది. దేనిదో తెలియని లైనును ఆపి చూస్తాం, ఎవరైనా అరిస్తే మళ్ళీ వేస్తాం. ఎవరూ అరవలేదు. మొన్నటి సమావేశంలో పెద్ద మేనేజరు ఏడో షెడ్డు గీతను గోడ మీద పెద్దగా చూపించాడు. ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడని వాడకాన్ని కొత్తగా వచ్చిన అమ్మాయి మూడు వారాల్లో పట్టేసిందన్నాడు. చప్పట్లు కొట్టారు. సగం చప్పట్లు నీవి, పంపిస్తున్నాను, తీసుకో.

నువ్వు చెప్పినట్టే కొలిమి షెడ్డులో ఒక రోజంతా నిలబడ్డాను. కళ్ళు మండి, చెప్పులు అంటుకుపోయి బయటికొచ్చాను. అక్కడి మేస్త్రీ మంచి మనిషి. కొలిమిలోకి చూడటానికి నీలం రంగు అద్దాలు పెట్టుకుంటాడు, మిగతా వేళల్లో అవి నుదుటి మీద ఉంటాయి, అందుకని అందరూ నీలద్దాల మేస్త్రీ అంటారు. ఆయన భార్య కూడా ఇక్కడే ఇసుక అచ్చుల విభాగంలో పనిచేస్తుంది. మూతలు చేత్తో లేపాల్సి వస్తోందనీ, నడుములు పోతున్నాయనీ చెప్పాడు. గొలుసు, కప్పీ పెట్టించాను. ఇప్పుడు మూతలు వేస్తున్నారు.

మొన్న ఆయనే నా గదికొచ్చాడు. అద్దాలు చేతిలో తిప్పుతూ, "అమ్మా, మా గోడకవతల ఒక మోటారు మోత వినిపించేది. పదేళ్ళుగా వింటున్నా. ఈమధ్య వినపడ్డం లేదు. దేనిదంటారు?" అన్నాడు. అది పనికిరాని లైననీ, మా అత్తే పీకమందనీ చెప్పాను. "మీటర్లమ్మగారు చెప్పారా, అయితే సరే," అని వెళ్ళిపోయాడు. చూశావా, నీ పేరుకు ఇక్కడ ఎంత విలువో.

ఇక్కడ అన్నీ మారాయి, నువ్వొస్తే పోల్చుకోలేవు. నీ రోజుల్లో గేటు దక్షిణం వైపు ఉండేదట గదా. అయిదేళ్ళ కిందట దాన్ని మూసి ఉత్తరం వైపు పెద్దది కట్టారు. షెడ్ల నంబర్లు కూడా ఇటునుంచే మొదలుపెట్టి రాశారు. గోడల మీద పాత అంకెలు సున్నం కింద ఇంకా లీలగా కనిపిస్తాయి.

నీ నీళ్ళ మోటారు సంగతి మా ఎలక్ట్రీషియన్‌ను అడిగాను. కాయిల్ చుట్టించడమే మేలన్నాడు. మీ ఊళ్ళో అతనికి తెలిసినవాడున్నాడట. ఎవరిచేతైనా నాకు ఫోన్ చేయించు, మనిషిని పంపిస్తాను.

నీ మేనకోడలు


జూన్ 30

పిల్లా,

ఇది చేతికందగానే, ఈ వాక్యం దగ్గరే ఆపి, వెళ్ళి ఆ స్విచ్ వెయ్యి. వేశాక వచ్చి మిగతాది చదువు.

నీ ఉత్తరం పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చింది. షెడ్ల నంబర్లు ఉత్తరం నుంచి మొదలుపెట్టారని చదివి, ముందు పట్టించుకోలేదు. తర్వాత గోడకవతల మోటారు మోత అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. మొత్తం పది షెడ్లు. నీ ఏడు నా నాలుగు. నేను చెప్పిన చెక్క నమూనాల షెడ్డు ఇప్పుడు నీకు నాలుగో నంబరు. నువ్వు పీకింది అది కాదు. లోపల చెక్క సామాను ఉందన్నావు, అదే అనుకున్నాను.

కొలిమి లోపలి గోడ ఎప్పుడైనా పగిలితే, కరిగిన ఇనుమంతా వెంటనే పక్కనున్న గోతిలోకి వంచెయ్యాలి. ఆ గొయ్యి ఎప్పుడూ ఎండి ఉండాలి. దాని కింద ఒకప్పుడు బావి ఉండేది, పూడ్చి కట్టారు. నీరు ఊరుతూనే ఉంటుంది. నా నాలుగో షెడ్డులో నేల కింద ఉన్న మోటారు ఆ నీటిని తోడి పోస్తుంది. ఆపితే మొదట ఏమీ తెలియదు. వారం, పది రోజులు, వానలు పడితే ఇంకా ముందే గొయ్యి నిండుతుంది. నీళ్ళ మీద కరిగిన ఇనుము పడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

పదిన్నరకు మందుల కొట్టుకు పరిగెత్తాను. కొట్టతని చేత ఫోన్ చేయించాను. అతను మాట్లాడుతుంటే పెదాలే చూస్తూ నిలబడ్డాను. నువ్వు షెడ్లలో ఉన్నావనీ, కబురు రాసి నీ బల్ల మీద పెడతామనీ అన్నారట. మోటారు వెంటనే వేయించమని మీ అత్త చెప్పిందని రాయించాడు. ఆ తర్వాత మూడుసార్లు చేస్తే లైను కలవలేదు. కబురు నీకు అంది ఉంటుంది. అందే ఉంటుందనే అనుకుంటున్నాను. అయినా ఉండబట్టలేక ఇది రాసి తపాలాఫీసుకు నేనే వెళ్తున్నాను.

స్విచ్ వేశానని ఒక్క ముక్క రాయి.

మీ అత్త


జూలై 2

అత్తా,

అక్షరాలు సరిగా లేకపోతే ఏమీ అనుకోకు.

మొన్న ముప్ఫయ్యో తారీఖున ఇక్కడ ఘోరం జరిగింది. మధ్యాహ్నం రెండూ నలభైకి నేను తెర ముందు కూర్చుని ఉన్నాను. కొలిమి షెడ్డు గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. కరెంటు పోయిందేమో అనుకునేలోగా కిటికీ అద్దాలు నా మీద పడ్డాయి. చప్పుడు తర్వాత వినిపించింది. బయటికి పరిగెత్తితే కొలిమి షెడ్డు కప్పు రేకులు ఆకాశంలోంచి ఇంకా కిందికి దిగుతున్నాయి.

కొలిమి గోడ పగిలిందట. నీలద్దాల మేస్త్రీ తన పక్కనున్న ముగ్గురినీ బయటికి తరిమేసి, మీట తానే పట్టుకుని ఇనుమంతా గోతిలోకి వంచాడట. గోతిలో నీళ్ళున్నాయి. నిన్న తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయాడు. మిగతా ముగ్గురూ బతికారు.

ఆ గోతిలోకి నీళ్ళెలా వచ్చాయో ఎవరికీ తెలియడం లేదు. వానలంటున్నారు. గోతిలోకి చూసుకోకుండా వంచడం మేస్త్రీ తప్పే అని పెద్ద మేనేజరు నిన్ననే అనేశాడు. ఆస్పత్రి వరండాలో, ఆయన భార్యకు వినపడేలా. ఆవిడ చేతులకు ఇంకా అచ్చుల ఇసుక ఉంది. పని బల్ల దగ్గర్నుంచి అలాగే పరిగెత్తుకొచ్చింది. నేను ఆవిడ పక్కన రెండు గంటలు కూర్చున్నాను.

నీ కబురు అందింది అత్తా. ఆ రోజు పదకొండింటికే చీటీ నా బల్ల మీద ఉంది. మోటారు వెంటనే వేయించమన్నావని. బకెట్లతో మెట్లెక్కలేకపోతున్నారు పాపం అనుకుని, సాయంత్రం మనిషిని కుదురుద్దామని దాన్ని పేపరు వెయిట్ కింద పెట్టాను. ఈ గొడవలో మర్చేపోయాను. ఏమీ అనుకోకు. రేపు తప్పకుండా చూస్తాను.

నీ మేనకోడలు


జూలై 4

అత్తా,

నీ ముప్ఫయ్యో తారీఖు ఉత్తరం ఇప్పుడే అందింది.

నువ్వు చెప్పినట్టే మొదటి వాక్యం దగ్గర ఆపాను. అర్థం కాకపోయినా వెళ్ళి ఏడో షెడ్డు స్విచ్ వేశాను. కాళ్ళ కింద నేలలోంచి మోత వినిపించింది. అక్కడే పెట్టె మీద కూలబడి మిగతాది చదివాను. చదివింది మళ్ళీ చదివాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చెయ్యి పట్టుకుని లేపాడు.

చీటీ మూడు గంటల నలభై నిమిషాల సేపు నా ముందే ఉంది.

తర్వాత పాత రికార్డుల గదికి వెళ్ళి నీ పుస్తకాలు తీశాను. నాలుగో షెడ్డు పేజీ. "మీటరు పనిచేయడం లేదు." మరుసటి నెల, "మీటరు పనిచేయడం లేదు." పదమూడేళ్ళు, నెలనెలా, నీ గుండ్రటి చేతిరాతలో అదే మాట. ఆ పాత మీటరు ఇంకా గోడ మీదే ఉంది, నేను చూశాను అత్తా. అది శుభ్రంగా పనిచేస్తోంది. ఎప్పుడూ పనిచేస్తూనే ఉంది.

నీ అంకె తప్పని ఎవరూ అనలేదని టీ ఆవిడ చెప్పింది. నువ్వు అసలు అంకే రాయలేదు. ఎందుకు? ఎవరి కోసం? ఆ మోటారు సంగతి పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటే నేను ముట్టుకునేదాన్నా?

సాయంత్రం పెద్ద మేనేజరు పిలిచాడు. తలుపు వేసి, ఏడో షెడ్డు గీత గురించి ఇప్పుడు ఎవరూ అడగడం లేదనీ, అడగనిదాన్ని తెర మీదికి తేవాల్సిన పని లేదనీ చెప్పాడు. వచ్చేవారం ప్రభుత్వం తరఫున ఫ్యాక్టరీల తనిఖీ అధికారి విచారణకు వస్తున్నాడు.

నాకు నువ్వు జవాబు చెప్పాలి.

(సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.)


జూలై 8

పిల్లా,

మేస్త్రీ పోయాడన్న నీ రెండో తారీఖు ఉత్తరం, నాలుగో తారీఖు ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. పంతులమ్మ చేత చదివించుకుని ఆవిడ పెదాలు చూస్తూ కూర్చున్నాను. నా కళ్ళు చదవనన్నాయి. ఆవిడ చీటీ మాట దగ్గర ఆగిపోయి నా మొహం చూసింది. నేనే కాగితం లాక్కుని మిగతాది చదివాను.

అడిగావు గనక చెబుతాను. పందొమ్మిదేళ్ళ కిందట ఖర్చు తగ్గించమని ఒక అధికారిని పంపించారు. కనిపించిందల్లా కత్తిరించేవాడని కత్తెర దొర అనేవాళ్ళం. నా పుస్తకం తిరగేసి, సెలవు రోజుల్లో కరెంటు వాడే లైన్లన్నీ పీకమన్నాడు. అందులో నాలుగో షెడ్డు మోటారు ఒకటి. అప్పటి కొలిమి మేస్త్రీ వాడి గది బయట పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడ్డాడు. గొయ్యి ఎండిపోయే ఉందిగా, మోటారెందుకు అన్నాడు వాడు. మోటారుంది గనకే ఎండిపోయిందంటే వాడికి ఎక్కలేదు.

మేస్త్రీ ఆ లైను చాటుగా కలుపుకున్నాడు. నా దగ్గరకొచ్చి, "అక్కా, నువ్వు అంకె రాస్తే వాడు మళ్ళీ పీకుతాడు. మీటరు చెడిపోయిందని రాయి," అన్నాడు. రాశాను. ఆ కరెంటు కొలిమి షెడ్డు వాడకంలో కలిసిపోయింది. కత్తెర దొర వెళ్ళిపోయాడు, ఇంకొకరు వచ్చారు, వాళ్ళూ వెళ్ళారు. ఒకసారి రాసిన అబద్ధాన్ని దిద్దితే ఎందుకు రాశావని అడుగుతారని భయం. అదే మాట రాస్తూ పోయాను.

రిటైరయ్యే రోజున ఆ మేస్త్రీని అడిగాను, తర్వాతివాళ్ళకు చెబుతావు గదా అని. చెబుతానన్నాడు. మూడు నెలలకే పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది, ఆ తర్వాత పోయాడు. అది తెలిసిన రోజైనా నేను ఫ్యాక్టరీకి ఒక కార్డు ముక్క రాయాల్సింది. రాయలేదు. ముప్ఫై ఏళ్ళు రాయడమే నా పని. రాయాల్సిన ఒక్కటీ రాయలేదు.

పైగా ఏ షెడ్డని అడగకుండా పీకెయ్ అన్నది నేను. నీలద్దాల మేస్త్రీ అనుమానపడి నీ దగ్గరకొస్తే నా పేరు చెప్పాకే వెనక్కి వెళ్ళాడు. దీంతో నేను ఎలా బతకాలో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు నేను చెప్పింది విను. విచారణలో నోరు విప్పకు. విప్పాల్సి వస్తే అంతా నా మీద వేసెయ్. పాత పుస్తకం తప్పుదారి పట్టించిందని చెప్పు, మీ అత్త పీకమందని చెప్పు. నాకు ఇంకేం పోతుంది? నీకు ముందు బోలెడు బతుకు ఉంది.

మీ అత్త


జూలై 13

అత్తా,

నీ ఉత్తరం చదివాక నీ మీద కోపం పోయింది. చివరి పేరా చదివాక మళ్ళీ వచ్చింది.

నోరు విప్పకు అని నువ్వూ అన్నావు, పెద్ద మేనేజరూ అన్నాడు. నీ ఉద్దేశం వేరని నాకు తెలుసు. ఇద్దరి మాటా విన్నా మేస్త్రీ తప్పే అన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. పోయినవాడు వచ్చి కాదని చెప్పలేడు గదా.

ఇంకొకటి దొరికింది. విరిగిన అద్దాలు ఎత్తుతూ నా ట్రేలోని కాగితాలన్నీ దులిపాను. అందులో కొలిమి షెడ్డు ఫిర్యాదు కాగితం ఒకటి ఉంది. జూన్ ఇరవై ఆరున మేస్త్రీ స్వహస్తంతో రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "గోతి దగ్గర దీపం వెలగడం లేదు. ఏడో షెడ్డు లైను ఆపినప్పటి నుంచి ఇలా ఉంది. లోపల ఏముందో కనిపించడం లేదు. మోటారు కూడా ఒకసారి మళ్ళీ చూడమని మనవి." కింద సంతకం, ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ లేకుండా చక్కగా తెలుగులో.

దీపం కూడా అదే లైను మీద ఉంది అత్తా. నాకు తెలియదు. ఆయన గోతిలోకి చూడలేదన్నారు. చూశాడు. నాలుగు రోజుల ముందే చూసి, కనిపించడం లేదని రాసి నాకు పంపాడు. నాలుగు రోజులూ అది నా ట్రేలో ఉంది. నేను చప్పట్ల తర్వాత వచ్చిన అభినందనల కాగితాలు చదువుకుంటున్నాను.

నిన్న ఆ కాగితం తీసుకెళ్ళి తనిఖీ అధికారికి ఇచ్చాను. దానితో పాటు ఏడో షెడ్డు గీత, పన్నెండో తారీఖున నేను సంతకం చేసిన ఉత్తర్వు, నీ కబురు చీటీ కూడా ఇచ్చాను. నా వంతు నేను చెప్పాను. నీ వంతు నేను చెప్పను. నువ్వే రా. నీ పుస్తకాల గురించి నీ నోటితో చెప్పు. అడిగేవాటిని కాగితం మీద రాసి చూపిస్తాను.

అందరినీ పిలిచి అడిగే విచారణ ఇరవై రెండున.

నీ మేనకోడలు


జూలై 17

పిల్లా,

వస్తున్నాను. ఇరవై ఒకటి సాయంత్రం రైలు. పంతులమ్మ తోడు వస్తానంది, వద్దన్నాను.

నువ్వు చేసిందే సరైన పని. నేను రాసిన చివరి పేరా చింపెయ్. ఉంచినా ఫరవాలేదు, నేనే రాశాను గదా.

స్టేషన్‌కు రాకు. ఫ్యాక్టరీ దారి నాకు తెలుసు. గేటు మాత్రం ఎటుందో చెప్పేవాళ్ళుంటే చాలు.

మీ అత్త


ఆగస్టు 5

అత్తా,

నువ్వు రైలెక్కిన తర్వాత జరిగినవి వరసగా రాస్తాను. ఆ రోజు విచారణ గదిలో నువ్వు "మీటరు బాగానే ఉంది, నేనే అబద్ధం రాశాను" అన్నప్పుడు అధికారి కలం ఆపి నీ మొహంలోకి చూశాడు. నువ్వు నేను రాసిన ప్రశ్న మీదే కళ్ళు పెట్టి కూర్చున్నావు గనక చూడలేదు. పెద్ద మేనేజరు గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగాడు.

నివేదిక వచ్చింది. మేస్త్రీ వల్ల ఏ పొరపాటూ జరగలేదని రాశారు. ముగ్గురి ప్రాణాలు ఆయన వల్లే నిలిచాయని కూడా రాశారు. ఆరా తీయకుండా లైను ఆపడం మొదటి తప్పు, ఫిర్యాదు చూడకపోవడం రెండో తప్పు. ఆ రెండూ నావే. నీ పుస్తకాల గురించి ఒక పేరా ఉంది, నకలు పంపిస్తున్నాను. పెద్ద మేనేజరును ఇక్కడి నుంచి తీసేశారు. నన్ను తీసెయ్యలేదు. హోదా తగ్గించి అదే విభాగంలో కింది పనికి వేశారు. రాజీనామా రాసి జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. తర్వాత చింపేశాను. వెళ్ళిపోతే నా తర్వాత వచ్చేవాళ్ళు ఆ తెర ఒక్కటే చూస్తారనిపించింది.

ఇప్పుడు రోజూ లైన్ల వెంట నడుస్తున్నాను. మీటరు దగ్గర మొదలుపెట్టి కేబుల్ ఎక్కడ తేలితే అక్కడిదాకా, సుద్దముక్కతో గోడ మీద గీసుకుంటూ. నూట నలభైలో ముప్ఫై ఒకటి అయ్యాయి. ఆపకూడని లైన్లు, ఎక్కడా రాసి లేనివి, ఇంకో రెండు దొరికాయి. రెండూ నేను ఆపాలనుకున్న జాబితాలోనే ఉన్నాయి. వాటికి ఎర్ర బోర్డులు పెట్టించాను. గోతి మోటారుకు వేరే లైను, ఆగితే మోగే గంట కూడా పెట్టారు.

మేస్త్రీ భార్య మళ్ళీ పనికి వస్తోంది. ఆవిడ వచ్చిన మొదటి రోజున నివేదిక నకలు తీసుకుని ఇసుక అచ్చుల విభాగానికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం వేళ, ఆవిడ ఒక్కతే బల్ల దగ్గర ఉంది. ఆ లైను ఆపించింది నేనేనని చెప్పాను. తెలుసన్నట్టు తలూపింది. ఆయన తప్పేమీ లేదని రాశారు, చదివి వినిపిస్తానన్నాను.

ఆవిడ చేతులు దులుపుకుని నా వైపు చూసింది. "నాకు చదవొద్దు. ఆయన తప్పని నాకెప్పుడూ అనిపించలా. అన్నవాళ్ళకు చదవండి. షిఫ్టు మారేటప్పుడు అందరూ ఉంటారు," అంది.

సాయంత్రం షిఫ్టు మారే వేళ, విచారణ అయ్యాక అధికారి తిరిగిచ్చిన కాగితాలతో హాజరు గడియారం దగ్గర నిలబడ్డాను. వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు, రెండు షిఫ్టుల జనం ఆగారు. ముందు ఆయన రాసిన ఫిర్యాదు చదివాను. తర్వాత నివేదిక. తర్వాత నేను సంతకం చేసిన ఉత్తర్వు, తేదీతో సహా. రెండుసార్లు ఆగి మళ్ళీ అందుకున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన బయటికి తరిమిన ముగ్గురిలో ఒకతను ముందు వరసలో నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

చదవడం అయ్యాక ఆవిడ వచ్చి కాగితాలు నా చేతిలోంచి తీసుకుంది. అచ్చుల ముక్కలు అతికించే బంక వేలితో తీసి, ఆయన చేతిరాత ఉన్న కాగితం వెనక రాసి, గడియారం పక్కన గోడకు అంటించింది. నాలుగు మూలలూ అరచేత్తో నొక్కింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళ్టికి నాలుగో రోజు. కాగితాన్ని ఎవరూ పీకలేదు. పొద్దున హాజరు వేసుకోబోయే ప్రతి మనిషీ ఒక నిమిషం ఆగి చదువుతున్నాడు, అందువల్ల వరస ప్రహరీ దాకా సాగుతోంది. నేనూ ఆ వరసలో నిలబడి, నా వంతు వచ్చినప్పుడు చదివి, లోపలికి వెళ్తున్నాను.

నీ మేనకోడలు